లైన్‌మన్ వేసుకున్న తాళం

గని–శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో నడక మొదలుపెట్టాక నంద్యాల వ్యాపారులకు సోలార్ మీద గురి కుదిరింది. మిల్లుల పైకప్పులకు ప్యానెళ్లు ఎక్కించే పనుల్లో నేను ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గా తిరిగాను. యూనిట్ల లెక్కలు అడగని యజమాని లేడు. సోలార్‌ను లైను నుంచి విడదీసే స్విచ్, అంటే ఐసోలేటర్, ఎక్కడ పెడతావని అడిగినవాళ్లు తక్కువ.

ఆళ్లగడ్డలో ఒక మిల్లు యజమాని దాన్ని ఆఫీసు గదిలో పెట్టమని పట్టుబట్టాడు. "బయట పెడితే దావన పోయే పిల్లోడు కూడా తిప్పుతాడబ్బీ" అన్నాడు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013 నిబంధనలు తీసి చూపించాను. సోలార్‌కూ డిస్కమ్ లైనుకూ నడుమ చేత్తో తిప్పే ఐసోలేటర్ ఉండాలి. నేల నుంచి కనీసం 2.44 మీటర్ల ఎత్తులో ఉండాలి, అంటే పిల్లలకు అందదు. తెరిచిన స్థితిలో తాళం పడాలి. యజమాని అనుమతితో పని లేకుండా డిస్కమ్ సిబ్బంది ఏ వేళనైనా దాన్ని చేరగలగాలి. చివరికి బయటి గోడకే బిగించాం.

ఒక ఆదివారం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పని పడింది. మిల్లు మూసి ఉంది, ఎండ దంచుతోంది. అలాంటప్పుడు ప్యానెళ్ల కరెంటు దాదాపు అంతా లైనులోకే పోతుంది. లైన్‌మన్ లైను మీద పనికి అనుమతి (ఎల్‌సీ) తీసుకుని, సరఫరా ఆపే ఏబీ స్విచ్ దించి నా దగ్గరికొచ్చాడు.

"మీ వైపు నుంచి వెనక్కి రాదు గదా సార్?"

లైను పోతే రెండు సెకన్లలో ఇన్వర్టర్ తనంతట తానే ఆగాలని రూలుందన్నాను.

"మిషన్ సంగతి సరే సార్, నేను కళ్లతో చూడాల."

ముందు ఇన్వర్టర్, బ్రేకర్ ఆపాను. ఆ ఐసోలేటర్ లోడు మీద తెరిచే రకం కాదు. అతను నిచ్చెనెక్కి హ్యాండిల్ కిందికి లాగాడు. అద్దంలోంచి బ్లేళ్లు విడిపోయి కనిపించాయి. సొంత తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుని, ఎర్త్ రాడ్ తగిలించాకే లైను ముట్టాడు.

ఆ తాళం కాపాడేది లైన్‌మన్‌ను. పైకప్పు మీద పనిచేసేవాడికి డీసీ ఐసోలేటర్ వేరే కావాలి. ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్లలో వోల్టేజీ ఉంటుంది, వరుసగా కలిపితే వెయ్యి వోల్టుల దాకా పోతుంది. ఏసీ సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్ తెరిచినప్పుడు లేచే మంట తొందరగా ఆరుతుంది. డీసీకి ఆ సున్నా లేదు. ఖర్చు తగ్గుతుందని అక్కడ ఏసీ స్విచ్ పెడితే అది కాలిపోవచ్చు, మనిషినీ కాల్చవచ్చు.

సోలార్ పెట్టించుకునే ప్రతి యజమానికీ నేను చెప్పేదొకటే: మీ మిల్లుకు తాళమున్న రోజు కూడా లైన్‌మన్ తన తాళం వేసుకునే చోటు బయటి గోడ మీద ఉండాలి.