శుక్రాచార్యుని ప్రశ్న

యాచన లోకమున నెల్లకాలమును చిన్నతనముగనే యెంచబడినది. మహావిష్ణువంతటివాడు సైతము బలిచక్రవర్తి నడుగబోవునప్పుడు పొట్టివాడు గావలసివచ్చెనని పెద్దలు చెప్పుదురు. మేమును పాఠశాలలో నీ కథను పలుమారులు చెప్పియున్నాము. చెప్పినప్పుడెల్ల బలిని మహాదాతగను, అడ్డుపడిన శుక్రాచార్యుని లోభిగను నిలిపి, ఆయన కన్ను పోయిన ఘట్టమున పిల్లలను నవ్వించుచుంటిమి. రెండేండ్ల క్రిందట మా సమాజము తరపున నొక కంపెనీవారి ధర్మనిధికి దరఖాస్తు వ్రాయవలసివచ్చెను. నాటినుండి శుక్రాచార్యునిపై మా యభిప్రాయము మారినది. వచ్చినవాడెవ్వడు, అడుగునదేమి, ఇచ్చినచో నేమగును అని యా సభలో నడిగినవాడు ఆయన యొక్కడే. మాకు వచ్చిన దరఖాస్తుపత్రములో మొదటి మూడు పుటలును ఈ ప్రశ్నలే.

మాది చిన్న పట్టణము. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సంఘముల నమోదు చట్టము కోరినట్లు ఏడుగురు సభ్యులు చేరి యేర్పరచుకొన్న సమాజము మాది. ఒక చదువుగది, వేసవిలో నొక చలివేంద్రము, ఏటేట నొక కంటివైద్యశిబిరము, పిల్లల యారోగ్యమునుగూర్చి యప్పుడప్పు డొక యుపన్యాసము. సభ్యుల చందాలతోనే యివి గడచుచుండెను. పరుల నడుగవలసిన యవసరము పాఠశాలనుండి వచ్చినది.

ఒకనాటి యుదయము ప్రార్థనావేళ ఎనిమిదవ తరగతి బాలిక యొకతె కన్నులు తిరిగి పడిపోయెను. ఆ వారముననే మరి యిద్దరు పడిరి. ఎండయని మేము, ఉపవాసములని మరియొక యుపాధ్యాయుడు కారణములు చెప్పుకొంటిమి. మా సమాజమున ప్రభుత్వపు నర్సుగా పనిచేసి విశ్రాంతి గొన్న యొక యమ్మగారు కలరు. ఊరంతయు నామెను నర్సమ్మగారనును. ఆమె వచ్చి యా పిల్లల క్రిందిరెప్పలను వ్రేలితో దించి చూచి, “ఎండ కాదు మాస్టారూ, ఒంట్లో నెత్తురు లేదు” అనిరి. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో 15 మొదలు 19 ఏండ్ల వయసుగల బాలికలలో నూటికి 59 మంది రక్తహీనులని తేలినది. ఈ యంకెను మేము పత్రికలలో చదివియే యుంటిమి. చదివినది మా బల్లలమీదనే కూర్చున్నదని మాత్రము తోచలేదు.

సభ్యులము సమావేశమై, పిల్లలకు పరీక్షలును పౌష్టికాహారమును సమకూర్ప నిశ్చయించితిమి. ధన మెవ్వరి నడుగవలెను? పూర్వ మిట్టి సంస్థల కొక పెద్దదిక్కుండెడిది. 1937లో మదరాసున ఆంధ్రమహిళాసభను స్థాపించి, అడుగుటలోని బాధ నెరిగిన దుర్గాబాయమ్మగారే 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డునకు మొదటి యధ్యక్షురాలైరి. స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటులిచ్చుచు వచ్చిన యా బోర్డు 2022లో మూతపడినది. ఇపుడు మావంటివారికి కానవచ్చు మార్గము కంపెనీల ధర్మనిధి. 500 కోట్ల రూపాయల నికరవిలువగాని, 1,000 కోట్ల వ్యాపారముగాని, 5 కోట్ల నికరలాభముగాని గల కంపెనీ తన గత మూడేండ్ల సగటులాభములో నూటికి రెండు పాళ్ళు సంఘహితమునకు వెచ్చింపవలెనని 2013 నాటి కంపెనీల చట్టము విధించెను. ఆకలిని, పోషణలోపమును బాపుట, వ్యాధినివారణ, పారిశుధ్యము, మంచినీరు అను నివి యందలి కార్యముల పట్టికలో మొదటివి. తాను పనిచేయు ప్రాంతమునకే ప్రథమస్థాన మీయవలెననియు నందు కలదు. మా యూరి కనతిదూరముననే యొక కర్మాగార ముండుటచే మాకు ధైర్యము కలిగినది.

కాని యడుగుటకును నర్హత కావలెను. సమాజపు నమోదుపత్రము, పాన్ కార్డు, ఆదాయపుపన్ను శాఖవారి రెండు ధ్రువపత్రములు, మూడేండ్ల ఆడిటు లెక్కలు, అట్టి పనిలో మూడేండ్ల యనుభవము, వీనిపైన 2021 ఏప్రిల్ మొదలు కేంద్రప్రభుత్వమున చేయించుకొనవలసిన మరియొక నమోదు. వీని నన్నిటిని గూర్చుటకే నాలుగుమాసములు పట్టెను. పంపిన పదునైదుదినములకు దరఖాస్తు తిరిగివచ్చినది. కారణము చూచి మేము సిగ్గుపడితిమి. నమోదుపత్రములో మా పేరు ‘సమాజము’ అనియు, పాన్ కార్డులో ‘సమాజం’ అనియు నుండెను. ఆ మువర్ణమును పట్టుబట్టి చేర్పించినవారము మేమే. గ్రాంథిక వ్యావహారిక వివాదము ముగిసి యెన్నియో యేండ్లయినదని పిల్లలకు చెప్పుచుంటిమి గదా! అది మా యింటిలోనే దాగియుండి, తుద కొక గుమాస్తాచేత తీర్పు చెప్పించుకొన్నది. పేరు సరిచేయించుటకు మరి రెండుమాసములు పోయెను.

ఈ యాలస్యమే మాకు మేలుచేసినది. మొదట పంపిన దరఖాస్తు నింటిలో మరల చదివితిమి. సంస్కృతసమాసములును, ఆంగ్లపు పెద్దమాటలును గలసి యది మహావైభవముగా నుండెను. ఒక్క సంవత్సరమున మా పట్టణపు బాలికలలో రక్తహీనతను నిర్మూలింతుమని వ్రాసియుంటిమి. నాలుగు లక్షల ఎనుబదివేల రూపాయలు కోరియుంటిమి. “నూటికి నూరని వ్రాస్తేనే ఇస్తారండీ” అని మా కార్యదర్శిగారు చెప్పగా, అంగీకరించి వ్రాసినది మా చేయియే.

నర్సమ్మగారు దానిని చదివి, అనుబంధముగా చేర్చిన పాఠశాల రిజిస్టరు నకలును విప్పిరి. ఆరవ తరగతి మొదలుకొని పిల్లలకు వారమున కొకటిచొప్పున ప్రభుత్వమువారు నీలిరంగు ఐరన్ మాత్రల నిత్తురు. ఒక్కొక్క మాత్రయందు 60 మిల్లీగ్రాముల ఇనుము, దానితో ఫోలిక్ ఆమ్లము నుండును. మా తరగతి రిజిస్టరులో ఏడాది పొడవునను, ప్రతివారమును, పిల్లలందరును మ్రింగినట్లు గుర్తులు గలవు. అడుగున మా సంతకము.

“మాస్టారూ, ఈ రిజిస్టరు నిజమైతే ఇంతమందికి జబ్బుండకూడదు. జబ్బు నిజమైతే రిజిస్టరు నిజం కాదు. రెండూ ఒకే కట్టలో పెట్టి ఎలా పంపుతున్నారు?”

మేము మాటాడలేకపోతిమి. ఏలయన మే మెరుగుదుము. మరుగుదొడ్ల గోడ వెనుక నీలిమాత్రలు వానకు తడిసి నేలను మరక చేసియుండుట మేము చూచియే యుంటిమి. చూచియు మరలివచ్చి సంతకము చేసితిమి. అందరు తరగతులవారును నట్లే చేయుచుండిరి. అది యబద్ధమని మా కెన్నడును తోచలేదు. అది పని యని తోచినది. అబద్ధమాడరాదని చందోబద్ధముగా బోధించి జీతము గొనువారము, వారమున కొక యబద్ధమును గళ్ళలో నింపుచుంటిమి.

ఆ వారమే నర్సమ్మగారు బాలికలతో నొంటరిగా కూర్చుండి మాటాడిరి. మాతో నెన్నడును చెప్పని మాట లామెతో చెప్పిరి. “పొద్దున్నే ఏమీ తినకుండా వస్తామమ్మా, బిళ్ళ వేసుకుంటే కడుపులో తిప్పుతుంది” అని యొకతె. “దొడ్డికి నల్లగా అయితే మా నాయనమ్మ భయపడి ఇంక వద్దంది” అని మరియొకతె. ఇనుము మ్రింగినపుడు మలము నల్లబడుట సహజమని యా బిడ్డల కెవ్వరును చెప్పియుండలేదు. నెలసరి కష్టములును గొన్ని యామె చెవిని వేసిరి. మాత్రను మధ్యాహ్నభోజన మైన పిమ్మట నీయవలెను. మేము మొదటి గంటలోనే యిచ్చుచుంటిమి. అపుడు హాజరుపట్టి తెరచియుండును గావున మాకది సుళువు. మూడుపాళ్ళు రోగమునకు మందు మా గంటల పట్టికలోనే యున్నది. దానికి దమ్మిడీ ఖర్చులేదు.

ఇపుడు దరఖాస్తులో నేమి వ్రాయవలెను? ‘ప్రస్తుతస్థితి’ యను గడియున్నది. అందు నిజము వ్రాసిన మా సంతకము మాకే యెదురుతిరుగును. ప్రధానోపాధ్యాయుల కడకు బోయి యుండినదంతయు చెప్పితిమి. ఆయన చాలసేపటికి, “మన రిజిస్టరు తప్పని మనమే రాసిస్తే పైవాళ్ళు ఊరుకుంటారా మాస్టారూ?” అనిరి. వారి భయము మా భయమే. మాకును సంసారము కలదు. రెండు రాత్రులు నిద్రపట్టలేదు. తప్పు మాది, బాధ పిల్లలది అని యొకమారును, పదిమందిలో నొకడనై చేసినదానికి నేనొక్కడనే యేల పలుకవలెనని యొకమారును మనసు లాగుచుండెను. మూడవనాడు ప్రధానోపాధ్యాయులు తామే పిలిచి, మాత్రల వేళను మధ్యాహ్నభోజనానంతరమునకు మార్చిన యుత్తరువును చేతికిచ్చి, “రాయండి. అడిగితే ఇద్దరం చెబుదాం” అనిరి.

అంతట గడిలో నిట్లు వ్రాసితిమి: మాత్రలు పంచబడుచున్నవి, పలువురు మ్రింగుటలేదు, కారణములు ఇవి, రిజిస్టరులోని పూర్వపు గుర్తులు నమ్మదగినవి కావు. కొత్త రిజిస్టరులో ‘మ్రింగలేదు’ అను మూడవ గడిని గీచితిమి. తొలినాడు మా తరగతిలోని 29 మంది బాలికలలో మ్రింగినవారు 16 మందియే. ఆ యంకెను చూచి దుఃఖించితిమి. కాని యేడాదిలో మేము వ్రాసిన మొదటి నిజమైన యంకె యదియే.

నిజము వ్రాయ మొదలిడిన పిదప కోరిక తగ్గిపోయినది. మాత్ర లున్నవి, కొననక్కరలేదు. ఉపన్యాసములకు నర్సమ్మగా రున్నారు, అద్దెవక్తలు వలదు. గోడపటములు, ప్రారంభోత్సవపు పందిరి కొట్టివేసితిమి. మిగిలినవి: తల్లిదండ్రుల సమ్మతితో నేటికి మూడుమారులు హిమోగ్లోబిన్ పరీక్ష, డెసిలీటరునకు 12 గ్రాములకు తగ్గినవారి పట్టిక, 8కి తగ్గినవారిని ప్రాథమికారోగ్యకేంద్రమునకు గొనిపోవు దారిఖర్చు, ఉదయ మేమియు తినక వచ్చువారికి వేరుసెనగయు బెల్లమును. మొత్తము లక్షా ముప్పదియైదువేలు. ఫలితమని, ఏడాదిలో రక్తహీనులైనవారిలో సగముమంది 12 గ్రాములను చేరిన జాలునని వ్రాసితిమి. కార్యదర్శిగారు నిట్టూర్చిరి. వామనుడు చిన్నవాడై యడిగి పిదప పెరిగెను. మేము త్రివిక్రములమై యడుగబోయి వామనులమైతిమి.

కంపెనీవారు విచారణకు పిలిచినపుడు, “మిగిలినవారందరూ నూటికి తొంబై రాశారు, మీరు సగమే రాశారేమి?” అని యడిగిరి. పిల్లలు మ్రింగకుండుట కొన్నాళ్ళు తప్పదనియు, వచ్చిన యంకెను వచ్చినట్లే పంపెదమనియు చెప్పితిమి. తొంబదివేలు మంజూరైనది. వేరుసెనగలకు ఆరుమాసములే చాలినవి. తరువాత సభ్యుల చందాలు పట్టవలసివచ్చె. ఏడాది కడపట మేము చెప్పిన సగమును చేరలేదు. మూడవవంతు మాత్రమే చేరిరి. అట్లే వ్రాసి పంపితిమి. రెండవ యేడు నిధి వచ్చునో రాదో యింకను తెలియదు. ప్రార్థనావేళ కన్నులు తిరిగి పడువారు మాత్ర మిప్పుడు మిక్కిలి యరుదు.

ఈ పత్రికను చదువు గృహిణులును గృహస్థులును పలువురు మహిళామండలులు, చదువుగదులు నడుపుచున్నవారే. వారి కొక్క విన్నపము. ధనము కొరకు పెద్ద కంపెనీల వాకిండ్లకే పోనక్కరలేదు. 2005లో మొదలైన జాతీయ గ్రామీణారోగ్య కార్యక్రమమున, గ్రామారోగ్య పారిశుధ్య పోషణ సంఘములకు ఏటా 10,000 రూపాయలవరకు గ్రామమే తలచి వెచ్చించుకొనదగిన నిధి యేర్పరుపబడినది. మీ గ్రామమున నా సంఘము కూడుచున్నదా, ఆ ధనము దేనికి పోవుచున్నది యని మొదట నడుగుడు. ఎవ్వరి నడిగినను, దరఖాస్తు వ్రాయుటకు ముందు ఎవరికొరకు వ్రాయుచున్నారో వారిచెంత నొక పూట కూర్చుండుడు. వారు మీతో చెప్పజాలని మాట లుండును గావున, చెప్పదగినవారిని వెంటగొనిపొండు. ఖర్చులేక కుదురుదానిని ముందు కుదుర్చుకొని మిగిలినదానికే చేయిచాపుడు.

ఈ యేడు మరల వామనచరిత్రము పాఠముగా వచ్చినది. శుక్రాచార్యుని కన్ను పోయిన ఘట్టమున పిల్లలు వాడుక చొప్పున నవ్విరి. మేము నవ్వలేదు. ముందు బల్లమీది పిల్ల, “ఆయన అడిగింది తప్పా మాస్టారూ?” అని యడిగెను. కాదమ్మా, అడుగవలసినదే యని చెప్పితిమి. నాడు మాత్రల దినము. భోజనపు గంట కొట్టగా కొత్త రిజిస్టరును చంక నిడుకొని బయలుదేరితిమి.