ఉజీలో మాచా మీఠా

పరాయి దేశం వెళ్తే మన ఖాందాన్లకి మొదట ఎదురయ్యే సవాల్ ఒకటే: ఇది హలాలేనా? జపాన్‌లో మిఠాయి దగ్గర కూడా అడగాల్సిందే. మా పన్నెండేళ్ల బేటీకి అదే షరం. "అబ్బా, ప్రతి దుకాణంలో ఇలా అడగాలా? వాళ్లేమనుకుంటారు?" అంది, ఉజీ వెళ్లే రైల్లో.

ఉజీ క్యోటోకి దక్షిణాన అరగంట దూరం. మాచాకి మషూర్ అయిన ఊరు. ఫజర్ నమాజ్ చదివి, తయారై బయల్దేరితే దుకాణాలు తెరవకముందే చేరాం. నది మీద వంతెన, దాని పక్కనే 1160లో మొదలైందని చెప్పుకునే త్సూయెన్ టీ దుకాణం, కాస్త నడిస్తే పది యెన్ల నాణెం మీద కనిపించే బ్యోదోయిన్ మందిరం. వీధంతా వేగుతున్న టీ ఆకు ఖుష్బూ.

మాచా వెనక చాలా మెహనత్ ఉంది. కోతకి మూడు వారాల ముందే తోటకి పరదా కట్టి ఎండ తగలనివ్వరు. అందుకే ఆకుకి ఆ ముదురు పచ్చదనం. ఆకుని ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఈనెలు తీసి రాతి తిరగలిలో విసురుతారు. గంటసేపు విసిరితే వచ్చేది 40 గ్రాములే.

దుకాణం తెరిచారు. బేటీ చూపంతా గాజుగ్లాసులో పొరలు పొరలుగా ఉన్న మాచా పార్‌ఫే మీదే. మా బేగం ఫోన్‌లో జపనీస్‌లోకి మార్చి చూపించింది: "మేం ముసల్మాన్లం. పంది నుంచి వచ్చినవి, సారాయి కలిసినవి తినం." వడ్డించే పెద్దావిడ చదివి, తలవంచి లోపలికెళ్లింది. చాలాసేపు రాలేదు. బేటీ తల దించుకుని కూర్చుంది.

ఆవిడ చేతినిండా పాకెట్లతో తిరిగొచ్చింది. ఒక్కో దాని మీద రాసింది వేలుపెట్టి చూపించింది. పార్‌ఫేలోని జెల్లీకి జెలటిన్, కేకుకి లిక్కర్. "నో" అంది బాధగా. తర్వాత తనే మెనూ తిప్పి అన్‌మిత్సు చూపించింది: తియ్యటి ఎర్ర చిక్కుడు ముద్ద, బియ్యప్పిండి ఉండలు, మాచా పాకం, కాంతెన్ ముక్కలు. కాంతెన్ సముద్రపు నాచు నుంచి తీస్తారు.

బిస్మిల్లాహ్ అని నోట్లో పెట్టుకోగానే బేటీ కళ్లు పెద్దవయ్యాయి. "అబ్బా, ఇది దాదీమా ఇఫ్తార్‌కి చేసే చైనా గ్రాసే కదా!"

అవును, అదే. పక్కనే చేదు మాచా గిన్నె. ముందు మీఠా, తర్వాత చాయ్, అది అక్కడి తరీఖా. చేదుకి బేటీ మొహం చిట్లించినా గిన్నె ఖాళీ చేసింది. వెళ్లేటప్పుడు ఆవిడ వీధి దాకా వచ్చి సాగనంపింది. పక్క దుకాణంలో బేటీయే తల్లి చేతిలోంచి ఫోన్ తీసుకుని ముందుకెళ్లింది.

మీరు వెళ్తే ఈ మాటలు యాద్ పెట్టుకోండి: బుతా అంటే పంది, జెరాచిన్ అంటే జెలటిన్, యోషు అంటే విదేశీ మద్యం. కాంతెన్ అన్నది వినబడితే మాత్రం అది మన ఇంటి చైనా గ్రాసే.