మూడు మిల్లీమీటర్ల గొడుగు

మన తలల మీద, సుమారు 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తున పలుచగా వ్యాపించి ఉన్న ఓజోన్‌నంతటినీ నేలమట్టానికి దించి, ఇక్కడి వాయుపీడనంలో పరిస్తే దాని మందం దాదాపు 3 మిల్లీమీటర్లు మాత్రమే. సూర్యుని నుంచి వచ్చే హానికరమైన అతినీలలోహిత కిరణాలలో అధికభాగాన్ని అడ్డుకుంటూ మన చర్మాన్ని, కళ్ళను, పైరుపంటలను కాపాడుతున్నది ఈ కొద్దిపాటి వాయువే.

సూర్యకాంతి ఆక్సిజన్ అణువును రెండు పరమాణువులుగా చీలుస్తుంది. విడివడిన పరమాణువు మరొక ఆక్సిజన్ అణువుతో చేరి, మూడు పరమాణువుల ఓజోన్ అవుతుంది. ఆ ఓజోన్ అతినీలలోహిత కిరణాన్ని పీల్చుకొని విడిపోతుంది, మళ్ళీ ఏర్పడుతుంది. కూడికకూ విడిపోవడానికీ మధ్య నిలిచిన ఈ సమతూకమే మనకు రక్షణ.

ఈ విషయం మా ఇంట చర్చకు వచ్చింది పాత ఏసీ మూలంగా. నిరుడు దానిని తీసివేయడానికి వచ్చిన మెకానిక్, పైపు విప్పి లోపలి గ్యాసును గాలిలోకి వదలబోయాడు. ఏసీ మీది చీటీలో ఆర్-22 అని ఉండడం గమనించి, ఇంటర్మీడియట్ చదువుతున్న మా అమ్మాయి "భయ్యా, ఆగండి" అన్నది. "మంట రాదమ్మా, విషం కాదు. వదిలితే ఏమవుతుంది?" అని అతను అడిగాడు. అతను అన్నది అబద్ధమేమీ కాదు. అసలు చిక్కంతా అక్కడే ఉన్నది.

1928లో థామస్ మిడ్‌గ్లే బృందం ఫ్రిజ్‌ల కోసం క్లోరోఫ్లోరోకార్బన్లను ఎంచుకొన్నది కూడా ఈ గుణం చూసే. మండవు, విషం కావు, తేలికగా దేనితోనూ కలవవు. దేనితోనూ కలవవు గనుకనే నేలకు దగ్గరి గాలిలో నశించక, దశాబ్దాలు నిలిచి ఓజోన్ పొరకు చేరుతాయి. అక్కడి తీవ్రకాంతి వాటి నుంచి క్లోరిన్‌ను విడదీస్తుంది. క్లోరిన్ ఓజోన్ నుంచి ఒక ఆక్సిజన్ పరమాణువును లాక్కుంటుంది. తరువాత దానిని వదిలి, తాను చెక్కుచెదరక మరో ఓజోన్ మీద పడుతుంది. 1974లో మోలినా, రోలండ్ ఈ ప్రమాదాన్ని వెల్లడించారు. 1985లో అంటార్కిటికాపై ఓజోన్ భారీగా క్షీణించినట్లు బ్రిటిష్ పరిశోధకులు ప్రకటించారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో భారతదేశం అందులో చేరింది.

ఆర్-22లో హైడ్రోజన్ ఉండటం వల్ల అది చాలావరకు కింది గాలిలోనే విచ్ఛిన్నమవుతుంది. కనుక దాని హాని తక్కువ. అయినా శూన్యం కాదు. పైగా అది భూమిని వేడెక్కించే వాయువు కూడా.

గ్యాసును సిలిండరులోకి లాగే యంత్రం ఆ మెకానిక్ వద్ద లేదు. తన పని గంటలో ముగించి మరో ఇంటికి వెళ్ళవలసిన మనిషి అతడు. అతనిని నిందించి ప్రయోజనం లేదు. అతని కూలి అతనికిచ్చి పంపి, యంత్రమున్న మరొకరి కోసం రెండు రోజులు వెతికాము. ఖర్చు పెరిగింది. "కంటికి కనిపించని గ్యాసుకు ఇంత డబ్బా?" అని మా అమ్మీజాన్ అడిగారు. కనిపించని దానివల్ల కలిగే నష్టం కనిపించనివారికే చేరుతుందని మా అమ్మాయి జవాబిచ్చింది. ఆమె మరి మాట్లాడలేదు. తన డబ్బాలో దాచుకొన్న సొమ్ములోంచి కొంత తీసి ఇచ్చారు.

ఒప్పందం ఫలించింది, పొర కోలుకొంటున్నది. ఇప్పటి విధానాలు కొనసాగితే ప్రపంచంలో అధికభాగంపై 2040 నాటికి, అంటార్కిటికాపై 2066 నాటికి అది 1980 నాటి స్థితికి చేరగలదని ఐక్యరాజ్యసమితి నిపుణుల అంచనా. చేసిన గాయం మానడానికి మూడు తరాల కాలం పడుతున్నదన్నమాట.

ఇంట్లో పాత ఏసీ గాని ఫ్రిజ్ గాని ఉన్నవారు దానిని తుక్కుకు వేసే ముందు దాని మీది చీటీ చదవండి. వచ్చినవారిని ఒక్క మాట అడగండి: "లోపలి గ్యాసును ఎందులోకి తీస్తారు?" జవాబు "గాలిలోకి" అయితే, ఇంకొకరిని పిలవండి.