ఉదయగిరి కొండక్రింద

ఉదయగిరి యనగానే మనకు మొదట తోచునది దుర్గము. దానిని గూర్చి వ్రాసినవారు పెక్కుమంది కలరు. మేము ఈమాఱు పోయినది దుర్గము చూచుటకు గాదు. ఆ కొండ నీడలోనున్న యొక చిన్న యానాది పల్లెకు. మావారు ఉదయగిరి పాఠశాలలో పనిచేయుచుండగా మేము నాలుగేండ్లు ఆ యూర కాపురముంటిమి. ఆ కాలములో మూడుమాఱులు కొండ యెక్కితిమి. చుట్టములు వచ్చినప్పుడెల్ల కొయ్యచెంచాలు కొని యిచ్చి పంపితిమి. కాని మా యింటికి రెండుమైళ్ల దూరమున నున్న ఆ పల్లెలో ఒక్కనాడైనను అడుగుపెట్టలేదు. సముద్రములు దాటి వచ్చినవారు మమ్ము వెంటబెట్టుకొని పోయి దానిని మాకు చూపవలసివచ్చెను. ఈ సంగతి ముందుగనే చెప్పుకొనుట మంచిది.

అది 2023వ సంవత్సరము మాఘమాసము. అప్పటికి మా కాపురము ఆత్మకూరికి మాఱినది. నెల్లూరి సేవాసంఘ మొకదానివారు ఉదయగిరి ప్రాంతమున కంటిపరీక్షలు జరిపి కండ్లజోళ్లు పంచదలచిరి. ఆ సంఘముతో చెలిమి చేసికొన్న సంఘ మొకటి అమెరికాలో కలదు. అచ్చటినుండి యిద్దఱు స్త్రీలు తమ ఖర్చులు తామే పెట్టుకొని వచ్చిరి. ఒకామె యుద్యోగము విరమించిన నర్సు, అఱువదియేండ్లు దాటిన దొరసాని. రెండవయామె మన కావలి ఆడపడుచే. అక్కడ స్థిరపడిన డాక్టరు. పల్లెలోని ఆడువారు మగవారియెదుట నోరు విప్పరనియు, ఆ ప్రాంతపు సంగతి తెలిసిన గృహిణి యొకతె తోడుండిన బాగుండుననియు ప్రధానోపాధ్యాయులవారు మావారితో ననిరి. పిల్లలను అత్తగారి కొప్పగించి మేమును జీపెక్కితిమి.

ఇట్టి సంఘముల పుట్టుక చదువరులలో కొందఱికి తెలియకపోవచ్చును. 1905లో షికాగో నగరమున పాల్ హారిస్ అను న్యాయవాది ముగ్గురు స్నేహితులతో రోటరీ సంఘమును స్థాపించెను. ఒకరి కార్యాలయమునుండి మఱియొకరి కార్యాలయమునకు సమావేశములు వంతులవారిగా తిరుగుచుండుటచే దానికా పేరు వచ్చినది. 1917లో లయన్స్ సంఘము పుట్టెను. చూపును, వినికిడియు లేకయే మహావిదుషియైన హెలెన్ కెల్లరు 1925లో వారి మహాసభకు వచ్చి అంధులకు అండగా నిలువుడని కోరగా, నాటినుండి వారు కంటిసేవను వ్రతముగా గైకొనిరి. రోటరీ నియమావళి 1989వఱకు స్త్రీలకు ప్రవేశము నియ్యలేదు. ఆ రోటరీవారి యిల్లాండ్రు మాత్రము ఊరకుండక 1924లోనే మాంచెస్టరు పట్టణమున ఇన్నర్ వీల్ అను తమ సంఘమును తాము పెట్టుకొనిరి. వీథితలుపు తీయకున్న పెరటిదారి వెదకికొనుట మనకు క్రొత్త గాదు గదా! మనదేశమునుండి పోలియో తొలగిన కృషిలో రోటరీవారి పాలు పెద్దది. 2011 జనవరిలో కనబడిన బిడ్డయే యిక్కడ సహజ పోలియో క్రిమికి చిక్కిన కడపటి బిడ్డ.

ఆత్మకూరు విడిచి పడమటికి సాగినకొలది నేల రంగు మాఱును. తూర్పున పెన్నకాలువల క్రింద వరిమళ్లు. ఇటు ఎఱ్ఱనేల, ఱాళ్లు, తుమ్మచెట్లు. సోమశిల జలాశయము మా యాత్మకూరికి చేరువనే యున్నది, 78 టి.ఎం.సి.ల నీరు పట్టును. కాని నీరు పల్లమెఱుగును. ఆ నీటిలో నెక్కువ భాగము డెల్టా దిక్కునకు సాగిపోవును. మెట్టనున్న ఉదయగిరివారికి ఆకాశమును, బోరుబావియు దిక్కు.

కొండ కనబడగానే డాక్టరమ్మ జీపు నాపించి దొరసానికి కోట కథ చెప్పెను. కొండమీదను క్రిందను కలిపి పదుమూడు కోటలుండెనట. కృష్ణదేవరాయలు 1513లో ముట్టడి ప్రారంభించి 1514లో గజపతుల వశమునుండి దుర్గమును గెలిచికొనెను. ఇచ్చటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు గొనిపోయి, గుడి కట్టించి నిలిపెను. ఆ స్వామి నేడు చెన్నపట్టణపు మ్యూజియములో నున్నాడు. అంతయు విని దొరసాని ఒక ప్రశ్న వేసెను: అంత దండు అన్ని నెలలు ఈ కొండక్రింద దిగియుండగా త్రాగుటకు నీరెక్కడిది? చెరువులు, కోనేళ్లు, వాననీరు అని మేము చెప్పితిమి. అప్పుడు మాకా ప్రశ్న వింతగా తోచెను.

ఊరిలో కొయ్యచెంచాలు చేయువారి యిండ్ల ముందు కొంచెము నిలిచితిమి. నర్ది, దేవదారు, బిక్కి మొదలగు కఱ్ఱలతో ఇచ్చటి స్త్రీలు చెక్కు గరిటెలకును చెంచాలకును భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. దొరసాని డజను కొనెను. బేరమాడలేదు, మేమైనచో ఆడియుందుము.

పల్లెలో ముప్పది గుడిసెలుండును. యానాదులు నెల్లూరి సీమకు ప్రాచీనులు. కొండతేనె, మూలికలు తెచ్చుట, చేపలు పట్టుట, పొలములలో ఎలుకలను పట్టి పంట కాచుట, తోటలకు కావలియుండుట వారి వృత్తులు. ఇండ్లకు కావలి కాచిన యీ జాతివారిలో పలువురిని దొరల ప్రభుత్వము నేరస్థజాతుల శాసనముక్రింద చేర్చినది. ఆ శాసనము 1952లో రద్దయినది. వారికై యానాది సంఘము నెలకొల్పి, జీవితమంతయు వారిలో తిరిగిన వెన్నెలకంటి రాఘవయ్యగారు మన జిల్లావారే. ఆయనకు 1973లో పద్మభూషణ బిరుద మిచ్చిరి. ఆయన పేరు మేము చిన్ననాడే వింటిమి; ఆయన తిరిగిన గుడిసెలవంటి గుడిసెను మాత్రము ఆనాడే చూచితిమి.

వేపచెట్టుక్రింద బల్ల వేసి పరీక్షలు మొదలుపెట్టిరి. ఒక్కొక్కరికి అద్దములు మార్చి మార్చి పెట్టి చూచుచుండగా ప్రొద్దెక్కెను. ఒక అవ్వకు జోడు కుదిరినది. దొరసాని సూదియు దారమును చేతికియ్యగా ఆమె మొదటిమాటే దారమెక్కించెను. చుట్టునున్నవారు చప్పట్లు కొట్టిరి. ఆమె మనుమరాలు, పదియేండ్లపిల్ల, ఎదుట నిలిచి నవ్వుచుండెను. అవ్వ ఆ పిల్ల ముఖమును రెండుచేతుల పట్టుకొని తేఱిపాఱ జూచి, "ఏందే, నీ పండ్లు ఇట్లుండాయి? వక్కాకు నముల్తా ఉండావా?" అనెను.

పిల్ల నోటికి చేయి యడ్డము పెట్టుకొని లోనికి పాఱిపోయెను. నవ్వు ఆగిపోయినది. ప్రక్కనున్న తల్లి, "ఈడ పిలకాయలందరికీ అంతేలే అత్తా, నీకు కనపడక" అనెను. అప్పుడు మేము చుట్టు చూచితిమి. అంతకుముందు సంఘమువారు చిత్రము తీయుచు నవ్వుడనగా ఆడపిల్లలందఱు పైట చెఱగు నోటికడ్డము పెట్టుకొనిరి. సిగ్గనుకొంటిమి. అది సిగ్గే, కాని మేమనుకొన్న సిగ్గు గాదు. పండ్లమీద గోధుమరంగు చారలు, గుంటలు. పెద్దవారిలో ఇద్దఱు ముగ్గురు మెడ తిప్పలేక శరీరమంతయు త్రిప్పి చూచుచుండిరి.

ఇంతలో అవ్వ స్టీలుగ్లాసులతో నీళ్లు తెచ్చెను. విదేశీయులు తమ సీసానీరు దప్ప త్రాగరాదని సంఘమువారి కట్టడి. దొరసాని చేయి చాపుటకు సంశయించెను. అవ్వ కనిపెట్టి మాతో, "తాగమనమ్మా. ఇవి మా బోరింగు నీళ్లు కాదు. మీరొస్తా ఉండారని పొద్దునే క్యాను తెప్పించినాము" అనెను. డాక్టరమ్మ ఆ మాటను ఇంగ్లీషులో చెప్పెను. దొరసాని గ్లాసందుకొని కడవఱకు త్రాగి, "మఱి మీరు త్రాగునది యేది?" అని యడిగెను. అవ్వ చేతిపంపు చూపెను.

రంతిదేవుని కథ మేము మా నాయనగారియొద్ద భాగవతములో చదువుకొంటిమి. నలువదియెనిమిది దినములు పస్తుండి, తుదకు మిగిలిన నీటిని దాహమని వచ్చినవానికి పోసిన రాజాయన. ఆ కథలో ఇచ్చువాడు రాజు, పుచ్చుకొనువాడు బీద. ఇక్కడ ఇచ్చుటకు పోయినవారము మేము. క్యాను కొన్నవారు వారు.

నీటిలోని ఫ్లోరైడను లవణము ఈ కీడునకు మూలము. ఈ దేశమున ఈ వ్యాధిని మొట్టమొదట గుర్తించినది మన నెల్లూరి సీమలోనే. దుక్కి టెద్దులు కీళ్లు బిగిసి నడువలేకపోవుట రైతులు ముందు కనిపెట్టిరి. 1937లో షార్టు మొదలగు వైద్యులు మనుష్యులలో దానిని నిరూపించి వ్రాసిరి. లోతైన బోరునీరు ఱాతిలోని లవణమును కరగించుకొని వచ్చును. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టినది. ఎనిమిదేండ్లలోపు పిల్లలకు లోపల స్థిరదంతములు ఏర్పడునప్పుడే మచ్చ పడును. తరువాత తోమినను పోదు. నీటిని కాచిన తొలగునని మనలో కొంద ఱనుకొందురు, అది పొరపాటు. కాచినకొలది నీరు తగ్గి లవణము చిక్కనగును. పటికయు సున్నమును కలిపి తేర్చు పద్ధతిని నాగపురపు శాస్త్రజ్ఞులు కనిపెట్టి దానికి నల్లగొండ పేరు పెట్టిరి. చింతపండు తినుటవలన ఫ్లోరైడు మూత్రములో నెక్కువగా వెడలిపోవునని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు 2002లో ప్రకటించిరి. చాఱు మానుడని పిల్లలకు చెప్పు తల్లులు దీనిని గమనింతురుగాక.

పల్లె చివర నీరు శుద్ధిచేయు యంత్రము లేకపోలేదు. ఏ దాతలో కొన్నేండ్లక్రిందట కట్టించిరి. లోని వడపోతగొట్టము పాడైన తరువాత మార్చువారు లేరు. తాళము తుప్పుపట్టినది, కిటికీగుండ కోళ్లు పోయి గ్రుడ్లు పెట్టుచున్నవి. దాతల పేర్ల పలక మాత్రము మెఱయుచుండెను.

తిరుగుప్రయాణమున జీపులో వాదము జరిగెను. తాము వచ్చినది కండ్లకొఱకనియు, నీటిపని ప్రభుత్వముదనియు, ఈ సంవత్సరపు లెక్కలో దానికి పద్దు లేదనియు నెల్లూరి పెద్దమనిషి యొకరు గట్టిగా పలికిరి. ఆయన మాటలో అబద్ధము లేదు. దొరసాని మాఱుపలుకక రెండుసీసాలలో చేతిపంపు నీరు నింపి ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. పరీక్షలో హద్దు మించియున్నదని తేలినది. వాదించిన పెద్దమనిషియే తరువాత కార్యాలయముల చుట్టు ఎక్కువసార్లు తిరిగిరి. ఈ సంగతియు వ్రాయకున్న అన్యాయము. పాత యంత్రమునే బాగుచేయించిరి. క్రొత్త పలక పెట్టలేదు. పల్లెలోని యిద్దఱు కోడండ్రు దానిని నడుపుట నేర్చుకొనిరి. బిందెకింత యని పుచ్చుకొని, వడపోత మార్చుటకై ఆ సొమ్ము వేఱుగా దాచుదురు. ఇదంతయు ముగియుటకు పదునాలుగు మాసములు పట్టినది. ఆ మధ్యకాలములో వారు ఆ నీరే త్రాగిరి.

మఱుసటి సంవత్సరము వేసవిలో, ఈసారి ఎవరును పిలువకయే, మావారితో గూడ మేము పల్లెకు పోయితిమి. అవ్వ కండ్లజోటి కాడ విఱిగి దారముతో కట్టియుండెను. మమ్ము గుర్తించి గ్లాసుతో నీళ్లిచ్చి, "తాగమ్మా, ఇవి మాయే" అనెను. మంచముమీద ఏడాది నిండని మనుమడు ఆడుచుండెను. అవ్వ జోడు సవరించుకొని వాని క్రిందిపెదవి వ్రేలితో వంచి, మొలచిన రెండు పాలపండ్లను మాకు చూపెను. మనుమరాలు వెనుక నిలిచి, నోటికి చేయి యడ్డము పెట్టుకొని నవ్వుచుండెను.