దాదా పిస్తోలు

అబ్బా పోగానే చట్టం ప్రకారం దాన్ని డీలరు దగ్గర డిపాజిట్ చేశాం. చేహలుం అయ్యాక ఖరీదు కట్టించడానికి అన్నదమ్ములం వెళ్లాం. వెబ్లీ అండ్ స్కాట్, పాయింట్ 32 బోరు, బర్మింగ్‌హామ్‌లో తయారైంది. 1911 నుంచి లండన్ పోలీసులు వాడిన రకం.

డీలరు మేగజైను తీసి, ఛాంబరు ఖాళీయేనని చూసుకుని, గొట్టంలోకి లైటు వేశాడు. లోపలి గాళ్లు అరిగాయా, తుప్పు తిన్నదా, మార్చిన భాగాలేమైనా ఉన్నాయా? చెయ్యి పట్టేచోట నీలిరంగు పోయి ఇనుము తెల్లబడింది. పాలిష్ పెట్టిద్దామన్నాడు తమ్ముడు.

"వద్దు సాబ్, ధర పడిపోతుంది. అరిగింది అరిగినట్టే ఉండాలి."

మాకు నవ్వొచ్చింది. వీధి చివర వకీలుగారింట్లో తుపాకి హాల్లోనే గోడకు వేలాడేది. పిల్లలం వెళ్లి చూసొచ్చేవాళ్లం. మాది మాత్రం బీరువా అడుగున, అమ్మీ చీరల కింద. "ఇది ఉందని ఎక్కడా అనకండి బేటా" అనేవారు అబ్బా. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఠాణాలో అప్పజెప్పి తెచ్చిన రసీదులన్నీ బిస్కెట్ డబ్బాలో దాచారు, లైసెన్సుకన్నా భద్రంగా.

"మీ దాదా నిజాం ఫౌజులో చేశారా? యూనిఫాం ఫొటోగానీ, సనదుగానీ ఉంటే తెండి. ధర పెరుగుతుంది" అన్నాడు డీలరు.

ఉండేవి. 1948 సెప్టెంబరులో, పోలీసు యాక్షన్ రోజుల్లో, దాదీ వాటిని పొయ్యిలో పెట్టింది.

లేవన్నాం. ఆయన ఆ గడిలో గీత గీసి, కింద అంకె వేశాడు.