చలి మీద బతికే కొండ

ఒమన్‌లో బిర్కత్ అల్ మౌజ్ దాటి కొండదారి పట్టగానే పోలీసు చెక్‌పోస్టు వస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కాకపోతే అక్కణ్ణుంచే వెనక్కి పంపేస్తారు. పైకి వెళ్లేకొద్దీ ఏసీ కట్టేసి అద్దాలు దించేయొచ్చు. జూలైలో మస్కట్ ఎండ 45 డిగ్రీలు దాటి మాడుస్తున్న రోజున కూడా పైన సైక్ పీఠభూమి మీద 30కి కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఎత్తు దాదాపు 2000 మీటర్లు మరి. మన హార్స్‌లీ హిల్స్ 1300 మీటర్లు కూడా ఉండదు.

ఒమన్‌లోని దాఖిలియా ప్రాంతంలో ఉన్న ఈ అల్ జబల్ అల్ అఖ్దర్‌కు సైహ్ ఖతనాయే బజారూ, బస్తీ. అసలు వ్యవసాయమంతా లోయ అంచున వేలాడే అల్ ఐన్, అల్ అఖర్, అష్ షిరైజా లాంటి పల్లెల్లో. మస్కట్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్లు సెలవు దొరికితే కార్లు కట్టుకుని చల్లగాలి కోసం వస్తారు. మే, జూన్‌లలో వచ్చి హాయిగా ఉందని మెచ్చుకుని పోతారు. రైతుకు కావలసిన చల్లదనం మాత్రం అది కాదు. ఆయన లెక్క డిసెంబరు, జనవరిలది. అప్పుడు రాత్రిళ్లు పాదరసం సున్నా దాకా దిగుతుంది, ఒక్కోసారి ఇంకా కిందికి.

గాలి సంగతి చెప్పాలంటే, ఫ్యాక్టరీ పొగ గొట్టాలు లేవు, నగరపు ట్రాఫిక్ లేదు. అలాగని ఏడాది పొడుగునా అద్దంలాంటి ఆకాశమేమీ ఉండదు. వేసవిలో షమాల్ గాలి ఎడారి దుమ్మును మోసుకొస్తే ఈ ఎత్తూ దానికి అడ్డు కాదు. 1986లో బ్రిటన్ యువరాణి డయానా వచ్చి చూసిన కొండ కొమ్ముకు ఇప్పుడు ఆమె పేరే. దుమ్ము పట్టిన రోజున అక్కడ నిలబడితే లోయ అవతలి గట్టు కూడా మసకే. ఇక ఆ దుమ్మును కడిగేది వేసవి మధ్యాహ్నాల్లో ఉన్నట్టుండి కమ్ముకునే మబ్బే. ఒమన్ సముద్రం తేమ కొండను తాకి పైకెగసి ఉరుములతో, కొన్నిసార్లు వడగళ్లతో విరుచుకుపడుతుంది. ఇక్కడివాళ్లు వీటిని రవాయిహ్ అంటారు. అర గంట వానకే ఎండిన వాదీలు, అంటే వాగులు, పొంగిపోతాయి. మబ్బు పట్టాక వాదీలోకి దిగడం మంచిది కాదు.

మార్చి చివర నుంచి మే మొదటి వారాల దాకా గులాబీల కాలం. ఎండెక్కితే పూల వాసన తగ్గిపోతుందని తెల్లవారుజామునే కోసేస్తారు. పన్నీరు తీయడానికి మట్టి, రాయి కలిపి కట్టిన పొయ్యి మీద పాత్ర, అందులో రేకులు, లోపల ఒక చిన్న గిన్నె. మూతగా పెట్టిన గిన్నెలో చన్నీళ్లు పోస్తారు. రేకుల ఆవిరి ఆ చల్లని అడుగుకు తగిలి నీరై, బొట్టుబొట్టుగా లోపలి గిన్నెలోకి దిగుతుంది. గంటల తరబడి కట్టెలు ఎగదోయాల్సిందే. గోడలన్నీ మసి, కళ్లకు మంట. బయట సందులోనేమో గుబాళింపు. గ్యాసు పొయ్యిల మీద, స్టీలు యంత్రాలతో తీసే పన్నీరు తేటగా ఉంటుంది. పాత పద్ధతిది ముదురు రంగులో, పొగ వాసనతో ఉంటుంది. కాఫీలో, హల్వాలో కలపడానికి పెద్దవాళ్లు ఆ పొగ వాసనే కావాలంటారు. నా ఓటూ దానికే.

గులాబీల వెనకే ఆప్రికాట్లు, పీచ్‌లు. ఆగస్టు తర్వాత దానిమ్మలు. ఈ మడులన్నీ కొండ చరియకు మెట్లు మెట్లుగా రాళ్లు పేర్చి కట్టినవి. నీళ్లు ఫలజ్ కాలువల్లోంచి వంతుల ప్రకారం వస్తాయి. మన చెరువుల కింద నీరటికాడు చేసే పనిని ఇక్కడ అరీఫ్ చేస్తాడు. వానలు ముఖం చాటేసిన ఏళ్లలో ఊట తగ్గి, కొన్ని మడులు బీడు పడతాయి.

నీటి కరువు కళ్లకు కనబడుతుంది. చలి కరువు అలా కనబడదు. ఈ పండ్ల చెట్లు శీతకాలంలో ఆకు రాల్చి నిద్రపోవాలి; తగినన్ని గంటలు చలి తగిలితేనే వసంతంలో సరిగ్గా పూస్తాయి. జర్మనీ పరిశోధకులు ఇక్కడి మూడు ఊళ్లను పట్టి చూశారు: 1030 మీటర్ల మసైరాత్, 1640 మీటర్ల ఖషా, 1900 మీటర్ల షిరైజా. 2009లో ప్రచురించిన వారి లెక్క ప్రకారం 1983 నుంచి 2008 దాకా మూడు చోట్లా చలి గంటలు తగ్గుతూనే వచ్చాయి. మసైరాత్ రైతు ఖర్జూరం నమ్ముకోవచ్చు. షిరైజా రైతు చెట్లను ఇంకా పైకి తీసుకెళ్దామంటే మడులు కట్టడానికి చోటుండాలి, అక్కడికి ఫలజ్ నీళ్లు ఎక్కాలి. కాలువేమో ఊట నుంచి కిందికే పారుతుంది.