లంక చుట్ట రుచి

కాఫీకీ, ద్రాక్షసారాయికీ రుచి చూసి తీర్పు చెప్పేవాళ్ళున్నారు. క్యూబా చుట్టల మీదనైతే పుస్తకాలకు పుస్తకాలే ఉన్నాయి. మన గోదావరి లంకల చుట్టకు అటువంటి వాఙ్మయం లేదు. తీర్పరులు లేక కాదు. ఉన్నవాళ్ళు వ్రాయలేదు, అంతే. మా తాతగారు అటువంటి తీర్పరి. ఆయన దగ్గర చూసినదీ, తరువాత చదివి తెలుసుకున్నదీ కలిపి వ్రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. పొగకు పనికివచ్చే ఆకు కనుక పొగాకు, చుట్టినది కనుక చుట్ట. ఇంగ్లీషువాళ్ళు అరవల ‘సురుట్టు’ను చెరూట్ చేసుకున్నట్టే మన ‘లంక’నూ తమ భాషలో కలుపుకున్నారు. గోదావరి లంకలలో పండిన ఆకుతో చేసిన ఘాటైన చుట్ట అని హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు దానికి అర్థం చెబుతుంది. 1890 నాటి ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్ 140 రకాల పొగాకుల నుసి గురించి తాను వ్రాసిన గ్రంథాన్ని ప్రస్తావిస్తూ, హంతకుడు లంక చుట్ట కాల్చేవాడని తేలితే వెదకవలసిన పరిధి తగ్గిపోతుందంటాడు. లండనులో తగ్గుతుందేమో! ఆ రోజుల్లో మా గోదావరి గట్టున అదే ఆధారంతో వెదికితే ఊరు ఊరంతా పట్టుబడేది.

తాతగారి పరీక్ష సంతలో, కాడ చేతికి తీసుకోవడంతోనే మొదలయ్యేది. ఆకు అంచును మడిచి వదిలితే మెల్లగా విచ్చుకోవాలి. పెళుసుగా విరిగితే ఎండ మీరింది. తడిబట్టలా వేలికి అంటుకుంటే తూకం కోసం నీళ్ళు చల్లారన్నమాట. ఆ తరువాత ముక్కు. మండె కట్టి మాగబెట్టినప్పుడు ఆకులోంచి అమోనియా బయటకు పోతుంది. కట్ట విప్పగానే పశువుల కొట్టంలా గుప్పుమంటే, తొందరపడి మండె విప్పేశారని తెలిసిపోతుంది. బాగా మాగిన ఆకుకు ఎండుగడ్డి, పాతబెల్లం కలిసిన వాసన ఉంటుంది.

క్యూబా చుట్టలో లోపలి ఆకు వేరు, దానిని పట్టి ఉంచే ఆకు వేరు, పైన కప్పే ఆకు వేరు. మా ఇంట్లో చుట్టేదానికి లోపలిదీ పైదీ ఒకే కట్టలోవి. ఈనె తీసి, ముక్కలు పొడుగ్గా పేర్చి, మంచి ఆకునొకదానిని ఏటవాలుగా చుట్టి, కొసన దారం కట్టడమే. అందువల్ల నాసి సరుకును అందమైన పై ఆకుతో కప్పిపుచ్చడానికి వీలు లేదు. నా దృష్టిలో ఇది మన చుట్టలోని గొప్ప నిజాయితీ. చుట్టిన తరువాత ఈ కొస నుంచి ఆ కొసకు రెండు వేళ్ళతో సుతారంగా నొక్కుకుంటూ పోవాలి. ముడి తగిలితే అక్కడ పొగ లాగదు. బోలు తగిలితే అక్కడ నిప్పు పరుగెత్తి, పొగ వేడెక్కి, నాలుక కాలుతుంది.

ఇక కాల్చడం. చుట్ట పొగను గుండెలకు పీల్చరు, నోట నిలిపి వదులుతారు. మొదటి రెండు దమ్ములు లెక్కలోకి రావు. ఘాటుకూ కారానికీ తేడా తెలియనివాడు చుట్ట గురించి మాట్లాడకూడదని తాతగారి సిద్ధాంతం. ఘాటు ఆకులోని బలం. గొంతులో మొదలై తలకెక్కుతుంది. కారం ఆకులోని పచ్చిదనం. నాలుకనూ ముక్కునూ మాత్రమే బాధిస్తుంది. ఘాటుండీ కారం లేనిదే కమ్మని చుట్ట. ఆ కమ్మదనం నడిమి భాగంలో ఉంటుంది. చివరికి వచ్చేసరికి తారు పేరుకుని చేదెక్కుతుంది. అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండు చేసుకునే మనిషి, చివరి అంగుళం నిర్దాక్షిణ్యంగా పారవేసేవారు.

అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం నుసి. తెల్లగా, బిగువుగా, రాలకుండా కొంతసేపు నిలవాలి. ఆకులో పొటాషియం బాగా ఉంటే నిప్పు నిలుస్తుంది. క్లోరైడు ఎక్కువైతే ఆకు తేమ పట్టి మాటిమాటికీ ఆరిపోతుంది, నుసి నల్లబడుతుంది. వరద ఒండ్రు మేసిన లంక నేలకూ, ఉప్పునీటి బావి క్రింది నేలకూ తేడా అక్కడే తెలుస్తుంది. రాజమండ్రిలో 1947లో నెలకొల్పిన కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థవారు ఇటువంటివి అంకెలలో కొలిచారు. తాతగారు నుసి వంక చూసి “ఉప్పునేల ఆకురా ఇది” అనేవారు. అన్నట్టు, తిరుచిరాపల్లి చుట్ట నుసి నల్లగా ఉంటుందని హోమ్స్ అంటాడు. తాతగారైతే హంతకుని కన్నా ముందు ఆ ఆకును అనుమానించి ఉండేవారు.

అయితే ఇదంతా నిప్పు కంటికి కనబడేవాళ్ళ విద్య. మా అమ్మమ్మది శ్రీకాకుళం తీరం. అక్కడ ఆడవాళ్ళు చాలామంది నిప్పున్న కొసనే నోటిలో పెట్టుకుని కాల్చేవారు. అడ్డపొగ అంటారు. గాలికి ఆరదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. నుసి ఎదుట ఉండదు కనుక తీర్పు చెప్పవలసింది అంగిలే. మూసిన నోటిలో నిప్పు నిదానంగా నడుస్తోందా, నుసి నాలుక మీద చెదురుతోందా, వేడి ఒకేచోట పొడుస్తోందా, అన్నీ ఆమె కళ్ళు మూసుకుని చెప్పేది. తాతగారి లంక చుట్టను ఒకసారి అలాగే కాల్చి, “గీర ఎక్కువ, నడక తక్కువ అన్నయ్యా” అన్నది. వియ్యపురాలి మాటకు ఆయన చాలారోజులు నొచ్చుకున్నారు కానీ కాదనలేదు.

1971లో శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించిన వైద్యులు, అడ్డపొగకూ అంగిలిలో వచ్చే మార్పులకూ ఉన్న సంబంధాన్ని బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ప్రకటించారు. అంగిలి తెల్లబడి దళసరెక్కుతుంది, దాని మీద ఎర్రని చుక్కలు తేలతాయి. కొందరికి అక్కడే పుండు పడి క్యాన్సరవుతుంది. ఈ వ్యాసం నేను చదివింది చాలా ఏళ్ళ తరువాత. అమ్మమ్మ మొదట చెప్పింది నొప్పి గురించి కాదు. “ఏటి ఆకిది, సప్పగున్నాది” అన్నది. కట్ట మార్చింది. ఊళ్ళో వర్తకుణ్ణి తిట్టి మరొకరి దగ్గర కొన్నది. అదీ చప్పగానే ఉన్నదన్నది. చివరకు లంకాకు కావాలని తాతగారికి కబురు చేసింది.

ఆయన తానే ఏరి, కట్ట కట్టి, నన్ను వెంటబెట్టుకుని తీసుకువెళ్ళారు. ఆమె చుట్టి, అడ్డంగా పెట్టుకుని, కాసేపటికి తీసేసి తల అడ్డంగా ఊపింది. తాతగారు మారుమాటాడకుండా అదే కట్టలోంచి ఒక ఆకు తీసి, చుట్టి, వెలిగించి అరుగు మీదకు వెళ్ళారు. నుసి దాదాపు అంగుళం నిలిచింది, తెల్లగా. దానినే చూస్తూ కూర్చున్నారు. లోపలికి వచ్చి, “ఈసారి ఆకు బాగులేదు చెల్లెమ్మా, నిజమే” అన్నారు. బయటకు వచ్చాక మా మామయ్యను ప్రక్కకు పిలిచి, రేపే విశాఖపట్నం తీసుకువెళ్ళి నోరు చూపించమన్నారు.